ఓనీల్ చివరి నాటకాలు: వాస్తవికతలోకి ఇంకిన ఆధునికవాదం

నన్ను అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్ 1920లలో మాస్కులు, స్వగతాలు, లోపలి ఉద్వేగాలను బయటి రూపంగా చూపే ఎక్స్‌ప్రెషనిస్టు దృశ్యాలు అంటూ రంగస్థలం మీద రకరకాల ప్రయోగాలు చేశాడనీ, 1939 నుంచి వాటన్నిటినీ వదిలిపెట్టి ఒక గది, కొందరు మనుషులు, మామూలు సంభాషణ అనే పాత వాస్తవిక పద్ధతికి తిరిగి వచ్చాడనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అలాంటప్పుడు ఆ చివరి నాటకాల్లో ఆధునికవాద లక్షణాలు, అంటే పాత రూపాలనూ స్థిరమైన వ్యక్తిత్వం మీది నమ్మకాన్నీ ప్రశ్నించే ధోరణి, ఉన్నాయనడం ఎలా కుదురుతుంది? ఎం.ఏ. విద్యార్థులకు అమెరికన్ నాటకం చాలా ఏళ్ళు బోధించినవాణ్ణి కాబట్టి ఈ సందేహం నాకు కొత్తది కాదు. ఒకప్పుడు నేను కూడా తరగతిలో 'తిరిగి వచ్చాడు' అనే చెప్పేవాణ్ణి. ఆ మాట సరికాదని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. ఓనీల్ తన ప్రయోగాలను వదిలిపెట్టలేదు. వాటికి కావలసిన కారణాలను పాత్రల బతుకుల్లోనే వెతికి పట్టుకుని, అవి ప్రయోగాలుగా పైకి కనిపించకుండా వాస్తవికతలోకి ఇంకిపోయేలా చేశాడు.

ముందుగా ఆ ప్రయోగాలేమిటో గుర్తు చేసుకోవాలి. 'ది ఎంపరర్ జోన్స్' (1920) నాటకంలో మనిషి నాడి వేగంతో, అంటే నిమిషానికి 72 దెబ్బలతో మొదలైన డప్పు, కథానాయకుడి భయం పెరిగేకొద్దీ వేగం పుంజుకుంటుంది. 'ది గ్రేట్ గాడ్ బ్రౌన్' (1926)లో పాత్రలు నిజంగానే మాస్కులు పెట్టుకుంటాయి, తీస్తాయి, ఒకరి మాస్కును మరొకరు దొంగిలిస్తారు. 'స్ట్రేంజ్ ఇంటర్‌ల్యూడ్' (1928) తొమ్మిది అంకాల నాటకం. ప్రతి పాత్రా ఎదుటివారితో ఒక మాట చెప్పి, వెంటనే మనసులోని మాటను ప్రేక్షకులకు వినిపిస్తుంది. నాటకం మధ్యలో ప్రేక్షకులు వెళ్ళి భోజనం చేసి రావడానికి విరామం ఇవ్వవలసి వచ్చింది. 'డేస్ వితౌట్ ఎండ్' (1934)లో ఒకే మనిషిని ఇద్దరు నటులు పోషిస్తారు, వారిలో ఒకరు మాస్కుతో ఉంటారు. ఆ నాటకం దెబ్బతిన్నది. అప్పటినుంచి 1946 వరకు న్యూయార్క్ ప్రధాన నాటకశాలల వీధి బ్రాడ్‌వే మీద ఓనీల్ కొత్త నాటకం ఒక్కటీ రాలేదు. ఆ పన్నెండేళ్ళ మౌనంలోనే 1936లో నోబెల్ బహుమతి వచ్చింది, కాలిఫోర్నియాలో డాన్‌విల్ దగ్గర టావో హౌస్ అని పేరు పెట్టుకున్న ఇంట్లో చివరి నాటకాల రచన సాగింది. 1943 నాటికి చేతి వణుకు ఎక్కువై కలం పట్టడమే అసాధ్యమైంది.

ఇక్కడ ఒక పాత వ్యాసాన్ని ప్రస్తావించాలి. స్వీడిష్ నాటకకర్త స్ట్రిండ్‌బర్గ్ రాసిన 'ఘోస్ట్ సొనాటా'ను 1924లో న్యూయార్క్‌లోని ప్రావిన్స్‌టౌన్ రంగశాలలో ప్రదర్శించినప్పుడు ఓనీల్ కార్యక్రమ పత్రికకు చిన్న వ్యాసం రాశాడు. జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు చూపే పాత సహజవాదం వస్తువుల పైపొరల దగ్గరే ఆగిపోయిందనీ, మనిషి తనను తాను ఓడించుకునే తీరును రంగస్థలం మీద చూపాలంటే అంతకు మించినది, 'సూపర్ నేచురలిజం' అనదగినది కావాలనీ ఆ వ్యాసం సారాంశం. సహజవాదాన్ని విడిచిపెట్టమని అతడు అనలేదు, దాటిపొమ్మన్నాడు. ఆ రోజుల్లో ఎలా దాటాలో తెలియక మాస్కుల వంటి బయటి పరికరాలను ఆశ్రయించాడు. పదిహేనేళ్ళ తర్వాత, బయటి పరికరం ఏదీ లేకుండానే దాటాడు.

ఈ విషయం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది 'లాంగ్ డేస్ జర్నీ ఇన్‌టు నైట్' (రచన 1939–41)లో. 1912 ఆగస్టులో ఒక రోజు. ఉదయం ఎనిమిదిన్నరకు మొదలై అర్ధరాత్రికి ముగుస్తుంది. సముద్రతీరంలోని వేసవి ఇల్లు, ముసలి నటుడు జేమ్స్ టైరోన్, భార్య మేరీ, పెద్ద కొడుకు జేమీ, క్షయ సోకిన చిన్న కొడుకు ఎడ్మండ్. వాస్తవిక నాటకాలకు పేరుపొందిన నార్వే నాటకకర్త ఇబ్సెన్ సంప్రదాయంలో పెరిగిన పాఠకుడికి ఇందులో వింతగా తోచేది ఏమీ ఉండదు. మేరీకి మార్ఫిన్ అలవాటు ఉంది, కొంతకాలం మానేసింది, ఆ రోజు మళ్ళీ మొదలుపెట్టింది. ఇది పూర్తిగా వైద్యపరమైన వాస్తవం. కానీ మందు ఎక్కేకొద్దీ ఆమెలో వచ్చే మార్పును ఓనీల్ వర్ణించే రంగసూచనలను వరసగా చదవండి. ఆమె గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది, కళ్ళు ఎదుటి మనిషిని దాటి చూస్తాయి, చివరి అంకంలో ఆమె ముఖం మీది అనుభవం అంతా చెరిగిపోయి, కన్నెపిల్ల అమాయకత్వం చెక్కిన పాలరాతి మాస్కులా ఉందని రచయితే అంటాడు. 1926లో నటుల ముఖానికి కట్టిన మాస్కు ఇదే. అప్పుడు దాన్ని రంగాలంకరణ విభాగం తయారు చేసింది. ఇప్పుడు మార్ఫిన్ తయారు చేస్తున్నది. మాస్కులకు సమర్థనగా ఓనీల్ 1932లో రాసిన వ్యాసంలో, మనిషి బయటి జీవితం ఇతరుల మాస్కుల మధ్య, లోపలి జీవితం తన మాస్కుల వేట మధ్య ఏకాంతంగానే గడుస్తుందనే భావం ఉంది. మేరీ పాత్ర మొత్తం ఆ వాక్యానికి రక్తమాంసాలు వచ్చినట్టు ఉంటుంది.

స్వగతం సంగతి కూడా ఇలాంటిదే. మన నాటకాలు చదివిన వారికి స్వగతం, ప్రకాశం అనే తేడా కొత్తగా చెప్పనక్కర లేదు. పాత్ర పక్కకు తిరిగి తన మనసులోని మాట చెబితే రంగం మీద ఉన్నవారికి వినపడదని, ఆ మాట నిజమని మనం ముందే ఒప్పుకుని కూర్చుంటాం. 'స్ట్రేంజ్ ఇంటర్‌ల్యూడ్' ఆ ఒప్పందం మీదే నడిచింది. చివరి నాటకాల్లో స్వగతానికి బదులు విస్కీ వచ్చింది. 'లాంగ్ డేస్ జర్నీ' నాలుగో అంకంలో టైరోన్, ఎడ్మండ్ పేకాట మొదలుపెట్టి మరిచిపోతూ తాగుతారు. తాగిన మనిషి ఎదుటివాడితో మాట్లాడుతున్నట్టే ఉండి తనతో తాను మాట్లాడుకుంటాడు కనుక స్వగతం వాస్తవికంగానే సాధ్యమవుతుంది. అయితే ఇక్కడ ఓనీల్ పాత పరికరానికి సహజమైన సాకు వెతకడంతో ఆగలేదు, ఆ పరికరం మీది నమ్మకాన్నే కదిలించాడు. టైరోన్ తన జీవిత విషాదం చెబుతాడు: డబ్బు కురిపించే ఒకే ఒక్క నాటకాన్ని చవకగా కొనుక్కుని, ఏళ్ళ తరబడి అదే వేషం వేసి, షేక్‌స్పియర్ నటుడు కాగల శక్తిని పోగొట్టుకున్నాడు. 1874లో మహానటుడు ఎడ్విన్ బూత్ తన ఒథెల్లోను మెచ్చుకున్న మాటను కాగితం మీద రాయించుకుని దాచుకున్నాడు, ఇప్పుడు ఆ కాగితం ఎక్కడ ఉందో తెలియదు. ఆ మాటల్లో బాధ నిజమైనదే. కానీ చెబుతున్నది జీవితమంతా నటించిన మనిషి. పొదుపు గురించి కొడుకు ఎత్తిపొడిచినందుకు అతడు షాండ్లియర్‌లోని మూడు బల్బులనూ నాటకీయంగా వెలిగిస్తాడు, కథ చెప్పడం అయ్యాక మళ్ళీ ఒక్కొక్కటే ఆర్పుకుంటాడు. ఈ ఒప్పుకోలు నిజమా, మరొక వేషమా అంటే, రెండూ అని తప్ప చెప్పలేం. తర్వాత జేమీ వచ్చి, తమ్ముణ్ణి ప్రేమిస్తున్నాననీ, ద్వేషిస్తున్నాననీ, తన నుంచి జాగ్రత్తగా ఉండమనీ చెబుతాడు. ఆ రెండు జేమీలలో అసలువాడు ఎవడో నాటకం తేల్చదు. వాస్తవిక నాటకంలో పాత్రకు ఒక అసలు స్వభావం ఉంటుంది, అది క్రమంగా బయటపడుతుంది. ఇక్కడ బయటపడేది అలాంటి అసలు ఏదీ మిగలలేదన్న సంగతి. ఆధునికవాదం అనే మాటకు నా దృష్టిలో ముఖ్యమైన అర్థం ఇదే కాబట్టి దీని మీద ఎక్కువసేపు నిలిచాను.

కాలం విషయంలోనూ ఇటువంటి పనే జరిగింది. ఇబ్సెన్ 'ఘోస్ట్స్' (1881)లో గతం పొరలు పొరలుగా వెల్లడవుతుంది. ప్రతి వెల్లడీ వర్తమానాన్ని ఒక అడుగు ముందుకు నెడుతుంది, చివరికి ఒక ఫలితం వస్తుంది. 'లాంగ్ డేస్ జర్నీ'లో ప్రేక్షకులకు తెలియనిది చాలా ఉంది కానీ, గతానికి సంబంధించి ఆ కుటుంబంలో ఒకరికొకరు తెలియనిది దాదాపు ఏమీ లేదు. వాళ్ళు ఒకే అభియోగాన్ని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చేస్తారు, క్షమాపణ చెప్పుకుంటారు, మళ్ళీ మొదలుపెడతారు. ఇంతకీ తప్పెవరిది? మేరీకి మార్ఫిన్ అలవాటు కావడానికి ఎడ్మండ్ పుట్టినప్పుడు పిలిపించిన చవకబారు డాక్టరు కారణం; ఆ డాక్టరుకు కారణం టైరోన్ పిసినారితనం; ఆ పిసినారితనానికి కారణం పదేళ్ళ వయసులో రోజుకు పన్నెండు గంటలు, వారానికి యాభై సెంట్లకు కర్మాగారంలో పనిచేసిన దరిద్రం; ఆ దరిద్రానికి కారణం కుటుంబాన్ని అమెరికాలో విడిచి ఐర్లండ్‌కు వెళ్ళిపోయిన అతడి తండ్రి. ఇలా వెనక్కి వెళుతూ ఉంటే ఎక్కడా ఆగే చోటు దొరకదు. కార్యకారణ సంబంధం వాస్తవికతకు వెన్నెముక. ఓనీల్ దాన్ని విరగ్గొట్టలేదు. సాగదీసి సాగదీసి, దానితో ఎవరినీ దోషిగా నిలబెట్టలేని స్థితికి తెచ్చాడు. గతమే వర్తమానమనీ, భవిష్యత్తు కూడా అదేననీ మేరీ అనేది ఊరికే కాదు. చివరి దృశ్యంలో ఆమె పెళ్ళి గౌను నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, పోగొట్టుకున్నదేదో వెతుకుతూ, కాన్వెంటు పిల్లలా మాట్లాడుతుంది. ముగ్గురు మగవాళ్ళూ ఎత్తిన గ్లాసులు తాగడం మరిచి దించేస్తారు. రాత్రి పన్నెండు దాటిన ఆ గదిలో ఆమె ఉన్నది ముప్పై అయిదేళ్ళకు పైగా వెనక. రెండు కాలాలను ఒకే వేదిక మీద చూపడానికి వేరే దీపాలు, వేరే తెర అవసరం లేకపోయింది.

పొగమంచునూ, ఓడలను హెచ్చరించే ఫాగ్‌హార్న్ శబ్దాన్నీ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. మేరీకి పొగమంచు ఇష్టం, ఎందుకంటే అది దాచిపెడుతుంది. ఆ శబ్దం అంటే భయం, ఎందుకంటే అది వెనక్కి పిలుస్తుంది. జోన్స్ డప్పు చేసిన పనిని ఇక్కడ ఓడరేవు చేస్తున్నది.

'ది ఐస్‌మాన్ కమెత్' (రచన 1939, ప్రదర్శన 1946) దగ్గరికి వస్తే పద్ధతి మారుతుంది. హ్యారీ హోప్ సారాకొట్టులో, 1912 వేసవిలో, డజనుకు పైగా తాగుబోతులు ఏటా వచ్చే సేల్స్‌మాన్ హికీ కోసం ఎదురు చూస్తుంటారు. ప్రతి ఒక్కరికీ రేపు చేయబోయే పని ఒకటి ఉంది. భార్య పోయినప్పటినుంచి ఇరవై ఏళ్ళుగా గడప దాటని హోప్ కూడా రేపు వీధిలో నడిచి వస్తాననే అంటాడు. ఆ ఆశలను నాటకం 'పైప్ డ్రీమ్' అంటుంది. దీన్ని మనం పగటికల అని అనువదించుకుంటాం కానీ, ఆ మాట నల్లమందు గొట్టం పీల్చిన మత్తులో వచ్చే కలల నుంచి పుట్టిందని తెలిస్తే, మేరీ మార్ఫిన్‌కూ ఈ సారాకొట్టుకూ ఉన్న బంధుత్వం అర్థమవుతుంది. భ్రమ లేనిదే మనిషి బతకలేడనే ఆలోచన ఇబ్సెన్ 'వైల్డ్ డక్'లోనూ, గోర్కీ 'లోయర్ డెప్త్స్'లోనూ ఉన్నదే. ఓనీల్ కొత్తగా చేసినది ఆలోచనలో కాదు, అమరికలో. 'పైప్ డ్రీమ్' అనే మాట నాటకంలో లెక్కకు మిక్కిలిగా వస్తుంది. ఒకే విషయాన్ని పద్దెనిమిది సార్లు చెప్పారని థియేటర్ గిల్డ్ అనే నాటక సంస్థకు చెందిన లారెన్స్ లాంగ్నర్ ఎత్తిచూపితే, పద్దెనిమిది సార్లు చెప్పాలనే ఉద్దేశించానని ఓనీల్ జవాబిచ్చాడట. చదివేటప్పుడు విసుగు పుట్టించే ఈ పునరుక్తి, వినేటప్పుడు సంగీతంలో పల్లవిలా పనిచేస్తుంది. తాగుబోతులు విడివిడి పాత్రలుగా ఉంటూనే గ్రీకు నాటకంలోని కోరస్ అవుతారు. హికీ వాళ్ళ భ్రమలను బలవంతంగా వదిలించిన తర్వాత, ఎంత తాగినా మత్తు ఎక్కడం లేదని అందరూ మొత్తుకుంటారు. ఇది ఏ వాస్తవిక సూత్రానికీ పూర్తిగా లొంగని ఘట్టం, అయినా ఒక్క ప్రేక్షకుడు కూడా అనుమానించడు. ముగింపులో ప్రతి తాగుబోతూ తనకు నచ్చిన పాటను, ఎవరిది వారు, అందరూ ఒకేసారి పాడతారు. ఆ గోలలో కిటికీ దగ్గర వాళ్ళలో ఒకడైన లారీ స్లేడ్ ఒక్కడే నిశ్శబ్దంగా కూర్చుని ఉంటాడు. 1920లలో ఇదే దృశ్యం రాసి ఉంటే వాళ్ళందరికీ మాస్కులు పెట్టి ఉండేవాడు.

ఈ నాటకంలోని నిరీక్షణను చూసి, ఓనీల్‌ను, రాని మనిషి కోసం ఎదురుచూపునే నాటకం చేసిన బెకెట్‌కు పూర్వగామి అనే అలవాటు ఒకటి ఉంది. బెకెట్ నాటకం 'వెయిటింగ్ ఫర్ గోడో' పారిస్ రంగస్థలం ఎక్కిందీ, ఓనీల్ బోస్టన్‌లో ఒక హోటల్ గదిలో కన్నుమూసిందీ 1953లోనే కాబట్టి ఆ పోలిక ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ నేను జాగ్రత్త పడతాను. గోడో రాడు. హికీ వస్తాడు, వచ్చి నష్టం చేస్తాడు, అతడు వచ్చినందువల్ల ఒక యువకుడు మేడ మీది నుంచి దూకి చనిపోతాడు. ఓనీల్ ప్రపంచంలో రాకకు ఇంకా అర్థం ఉంది. అది విషాదం కావడానికి కారణం కూడా అదే.

'ఎ మూన్ ఫర్ ద మిస్‌బిగాటెన్' గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ కోణంలో అది నాకు కొంత బలహీనంగా తోస్తుంది. పల్లెటూరి ప్రహసనంలా మొదలై, తెల్లవారేసరికి భారీ శరీరం గల రైతు కూతురు జోసీ ఒడిలో నిద్రపోతున్న జిమ్ టైరోన్ ('లాంగ్ డేస్ జర్నీ'లోని జేమీయే) క్రీస్తు శవాన్ని ఒడిలో పెట్టుకున్న మేరీమాత శిల్పాన్ని గుర్తు చేస్తాడు. చిత్రం గొప్పదే. అయితే దాన్ని మనం గుర్తించకుండా పోతామేమోనని రచయిత మాటల్లో కూడా చెప్పించాడు. నటులు ఆ మాటలను తేలికగా పలికి, చిత్రాన్ని దాని పని అది చేసుకోనిస్తే నాటకం నిలబడుతుంది.

ఇక భాష. ఎడ్మండ్ సముద్రం మీద తనకు కలిగిన అనుభూతులను చెబితే తండ్రి అతడిలో కవి లక్షణాలు ఉన్నాయంటాడు. దానికి ఎడ్మండ్, తాను చెప్పదలచుకున్నదాన్ని తాకలేకపోయాననీ, నత్తి మాటలే తనకు చేతనైనవనీ, అది కనీసం నమ్మకమైన వాస్తవికత అవుతుందనీ, పొగమంచు మనుషులకు నత్తే సహజమైన వాగ్ధాటి అనీ జవాబిస్తాడు. వాస్తవికత అనే మాటను ఆ నాటకమే పలికి, దాన్ని భాష ఓటమికి మరో పేరుగా మార్చడం నాకు చాలా విలువైన సూచన. ఎడ్మండ్, జేమీ ఉద్వేగం వచ్చినప్పుడల్లా బోదిలేర్, డౌసన్, స్విన్‌బర్న్ వంటి కవులను వల్లిస్తారు. తండ్రి షేక్‌స్పియర్‌ను వల్లిస్తాడు. సొంత మాట దొరకనివాళ్ళు అరువు మాటలతో మాట్లాడుకుంటున్నారు. గదిలో రెండు పుస్తకాల బీరువాలు విడివిడిగా ఉన్నాయని, వాటిలో ఏ పుస్తకాలు ఉన్నాయో రచయిత పేర్లతో సహా మొదటి రంగసూచనలోనే చెప్పింది అందుకే.

ఇదంతా ఆత్మకథే కదా, ఇందులో రూపం గురించి ఇంత చర్చ ఎందుకు అని కొందరు అడుగుతారు. ఆత్మకథ అయిన మాట నిజం. తండ్రి జేమ్స్ ఓనీల్ 'మాంటీ క్రిస్టో' నాటకంలోని వేషంతోనే జీవితం గడిపాడు, ఆ ఇల్లు కనెటికట్‌లోని న్యూలండన్‌లో ఉంది, 'లాంగ్ డేస్ జర్నీ' రాతప్రతిని తాను పోయిన ఇరవై అయిదేళ్ళ వరకు ప్రచురించవద్దని రచయిత సీలు వేయించాడు. కానీ 1912 నాటికి అతడికి పెళ్ళయింది, ఒక కొడుకు కూడా ఉన్నాడు. నాటకంలో ఆ ఊసే లేదు. పసితనంలోనే చనిపోయిన అన్న పేరు ఎడ్మండ్. ఆ పేరు తనను పోలిన పాత్రకు ఇచ్చి, చనిపోయిన బిడ్డకు యూజీన్ అని తన పేరు పెట్టాడు. తన కుటుంబ కథలో తనను మృతుల జాబితాలో చేర్చుకున్న రచయిత జరిగింది జరిగినట్టు రాస్తున్నాడని నేను అనుకోలేను.

చివరిగా, ఈ ప్రశ్న వేసినవారు తప్పక చదవవలసినది 'హ్యూయీ' అనే ఏకాంకిక (రచన 1941–42). 1928 వేసవి, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల మధ్య, న్యూయార్క్‌లో ఒక చవక హోటల్ ముందు గది. ఎరీ స్మిత్ అనే జూదరి, చనిపోయిన పాత గుమాస్తా హ్యూయీ గురించి కొత్త రాత్రి గుమాస్తాతో ఆగకుండా మాట్లాడుతుంటాడు. వేదిక మీద చూస్తే ఇది ఒక మనిషి వాగుడు, మరో మనిషి పరధ్యానం. ఇంతకంటే వాస్తవికమైనది ఉండదు. కానీ అచ్చులో చూస్తే గుమాస్తా మనసులో పరుగెత్తే ఆలోచనలన్నీ రంగసూచనల్లో, ఆలోచనలను వచ్చినవి వచ్చినట్టే రాసే చైతన్య స్రవంతి నవలలో మాదిరి పేజీల పొడవునా ఉన్నాయి. వీధిలో చెత్తడబ్బాల చప్పుడు వినిపిస్తే అతడి మనసు ఆ డబ్బాల వెంట పోతుంది, అగ్నిమాపక యంత్రం వెళితే దాని వెంట పోయి ఊరంతా తగలబడాలని కోరుకుంటుంది. వీటిని పలికేందుకు నటుడికి ఒక్క మాట కూడా లేదు. ఓనీల్ కూడా దీన్ని ప్రదర్శన కంటే చదవడానికి తగిన రచనగానే భావించాడు. 1928లో 'స్ట్రేంజ్ ఇంటర్‌ల్యూడ్' ప్రేక్షకులకు గట్టిగా వినిపించిన స్వగతం, అదే ఏడాదిలో కథ నడిచే ఈ నాటికలో పూర్తిగా మూగబోయి రంగసూచనలోకి వెళ్ళిపోయింది. ఆ ఏడాదిని అతడు కావాలనే ఎంచుకున్నాడని అనను, కానీ ఆ కలయిక నన్ను వదలదు.

అన్నట్టు, 'హ్యూయీ' మొదటిసారి ప్రదర్శితమైనది 1958లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ డ్రమాటిక్ థియేటర్‌లో. 'లాంగ్ డేస్ జర్నీ' కూడా న్యూయార్క్ కంటే ముందు, 1956 ఫిబ్రవరిలో, అక్కడే వేదిక ఎక్కింది. నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు ఓనీల్ తన గురువుగా పేర్కొన్న స్ట్రిండ్‌బర్గ్ ఊరది. ఆ నటులకు ఈ నాటకాలు సాదా వాస్తవికతగా కనిపించి ఉండవని నా నమ్మకం.

'హ్యూయీ'లో ఒకచోట నగరపు శబ్దాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అంతవరకు ఆ చప్పుళ్ళ వెంట తిరిగిన గుమాస్తా మనసుకు పోయే చోటు లేకపోతుంది. ఆ నిశ్శబ్దం అతడికి చావులా తోస్తుంది. భయంతో వెనక్కి తిరిగి, ఇంతసేపూ ఎదురుగా మాట్లాడుతున్న మనిషి ఎవరా అని మొదటిసారి చూస్తాడు, ఆర్నల్డ్ రాత్‌స్టైన్ అనే పేరుమోసిన జూదగాడు మీకు తెలుసా అని అడుగుతాడు. ఎరీ జేబులోంచి పాచికలు తీస్తాడు. వేదిక మీద ఈ నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో, దర్శకుడిగా మీరైతే ఏం చేస్తారో ఆలోచించి చదవండి.